తమలపాకు తీగ: పెరటిలోను కుండీలోను పెంచు విధము



మన ఆత్రేయపురమున పూతరేకులు లేని శుభకార్యము లేదు. తాంబూలము లేక ముగిసిన శుభకార్యమును లేదు. పూతరేకులు మన యిండ్లలోనే తయారగుచున్నవి. వానికి 2023వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపుకూడ లభించినది. తాంబూలమునకు వలసిన ఆకును మాత్రము మనలో పెక్కుమంది బజారున కొనుచున్నారు. నూతిగట్టు ప్రక్కను రెండు మూడు తీగలున్నచో ఇంటి వాడుకకును, పూజకును, పేరంటమునకును కొరత యుండదు. అట్లని నాటినవారు లేకపోలేదు. నాటినవారి తీగలు ఒకటి రెండేండ్లలో చచ్చుటయే చూచుచున్నాము. అట్లు చచ్చుటకు కారణమేమో, దానిని బ్రతికించుకొను మార్గమేమో తెలుపుటకే ఈ వ్యాసము.

ముందుగా మా పెరటిలో జరిగిన సంగతి చెప్పెదను. మునగచెట్టు మొదట మూడు తీగలు నాటితిమి. రెండేండ్లు చక్కగా ప్రాకి, అరచేతిని మించిన ఆకులిచ్చినవి. ఒక శ్రావణమాసమున ఎడతెగని ముసురు పట్టి, తెరపి యిచ్చిన మరునాడు ఆకులు తళుకు తప్పి వ్రేలాడెను. తీగకు దప్పిక యైనదని తలచి పూటకు రెండు బిందెల చొప్పున నీరు పోసితిమి. వాడుట హెచ్చెనే కాని తగ్గలేదు. పది దినములు తిరుగకముందే మూడును పోయినవి. పెరికి చూడగా నేలను తాకిన కాండము నల్లబడి మెత్తనై, వేళ్లపై తోలు ఊడివచ్చెను. అవి నీరు లేక చచ్చినవి కావు. నీరు ఎక్కువై చావబోవుచున్న వానికి మేము మరింత నీరు పోసి త్వరపెట్టితిమి.

మనము వరి పండించువారము. 1847లో మొదలై 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట మన తాతముత్తాతలకు నిండు కాలువల నిచ్చినది. లొల్ల లాకుల నీరు చేలలో నిలిచియున్న గాని మనకు తృప్తి కలుగదు. వరికి మేలుచేయు ఆ యలవాటే తమలపు తీగకు మృత్యువగుచున్నది. చెమ్మ వేరు, నీటి నిలువ వేరు. ఈ భేదము తెలిసినవాడే ఆకుతోటను నిలుపుకొనగలడు.

తీగ స్వభావము

తమలపు తీగ మిరియపు తీగకును పిప్పలి తీగకును తోబుట్టువు. వృక్షశాస్త్రజ్ఞులు ఈ మూడింటిని ‘పైపర్’ అను ఒకే ప్రజాతియందు చేర్చిరి. మలయా ప్రాంతము దీని పుట్టినిల్లని వారిలో పెక్కుమంది చెప్పుదురు. వెచ్చగాను, తడిగాను ఉండు సీమలలో పెద్ద చెట్ల నీడను, మానుల బెరడును పట్టుకొని ప్రాకుట దీని నైజము. దీనికి రెండు విధముల వేళ్లు కలవు. మొదటివి నేలలో దిగి ఆహారమును తెచ్చునవి. రెండవవి ప్రతి కణుపునందును పుట్టి ఆధారమును కరచుకొనునవి. ఈ కణుపువేళ్లు ఉన్నందువలననే తీగముక్క నేలను తాకినంతనే నాటుకొనును.

చెట్ల క్రింది నేల ఎట్టిదో ఒకమారు తలచుకొనుడు. రాలిన ఆకులు చివికి నేల గుల్లగా నుండును. ఎండ నేరుగా తగులదు గావున చెమ్మ ఆరదు. వాన యెంత కురిసినను నీరు గుల్లనేలలో ఇంకి జారిపోవునే కాని నిలువదు. నీడ, చెమ్మ, గుల్లదనము అను మూడును సమకూర్చుటయే తమలపు తీగ పోషణము. ఇందొకటి లోపించినను తీగ బాగుపడదు.

మరియొక విశేషము కలదు. తమలపు తీగలలో మగతీగలు వేరు, ఆడుతీగలు వేరు. కాయ కాచుట మిక్కిలి అరుదు. విత్తనముతో పనిలేక ముక్కలు నాటియే దీనిని వ్యాపింపజేయుదురు. కనుక ఒక తీగనుండి తెచ్చి నాటిన తోటయంతయు నిజమునకు ఒకే శరీరపు తునకలు. ఒక తీగ తట్టుకొనలేని తెగులును దాని ప్రక్క తీగయు తట్టుకొనలేదు. తెగులు ప్రవేశించినచో వరుసలు వరుసలుగా పోవుటకు ఇదియు నొక కారణము.

మొదలుకుళ్లు తెగులు

మా తీగలను చంపిన తెగులునకు కారణము ‘ఫైటోఫ్తోరా’ అను సూక్ష్మజీవి. గ్రీకు భాషయందు ఆ పేరునకు మొక్కలను నాశనము చేయునది అని యర్థము. 1845వ సంవత్సరమున ఐర్లండు దేశమున బంగాళాదుంప పంటను నాశనము చేసి ఘోరమైన క్షామమును తెచ్చినది ఈ ప్రజాతికి చెందినదే. మన దేశమున దస్తూరను శాస్త్రజ్ఞుడు పూసా పరిశోధనాలయమునందు ఆముదపు మొక్కలపై పరిశీలించి 1913లో వర్ణించిన జాతి, ఆకుతోటలను పాడుచేయు వానిలో ముఖ్యమైనది. వంగ, టమాటా, పొగాకు మొక్కలను సయితము అది పట్టును. అందుచేత తమలపు తీగ చెంతను వంగ, టమాటా నాటకుండుట మేలు.

ఈ జీవి వ్యాపించు తీరు తెలిసినచో నివారణోపాయము దానంతట తోచును. నేల తడిసి నీరు నిలిచినప్పుడు ఇది కంటికి కానరాని బీజములను విడుచును. ఆ బీజములకు సన్నని తోకవంటి పోగులు రెండేసి యుండును. వాని సాయమున అవి నీటిలో ఈదుచు పోయి లేతవేళ్లను చేరి లోపల ప్రవేశించును. నిలిచిన నీరు వానికి బాట. పారు మురుగు వానికి బండి. నీరు నిలువని నేలలో వానికి కదలుట కష్టము.

తెగులు గుర్తులివి. ముందుగా ఆకు నిగనిగ తగ్గును. పిదప వ్రేలాడి పసుపువన్నెకు తిరిగి రాలును. నేలకు ఆనిన కాండపు కణుపులు నల్లబడి మెత్తనై దుర్వాసన వేయును. కాండము కుళ్లిన తీగను బ్రతికించు మందు లేదు. ఇక్కడ మిగుల జాగరూకతతో గమనింపవలసిన దేమనగా, దప్పికగొన్న తీగయు వ్రేలాడును, మొదలు కుళ్లిన తీగయు వ్రేలాడును. పైకి రెండును ఒకటిగానే కనబడును. వేళ్లు చెడినపుడు చుట్టును నీరున్నను తీగ త్రాగలేదు. కావున ఆకు వాడగానే చెంబెత్తరాదు. వ్రేలు రెండు కణుపులు దిగునట్లు మట్టిలో గ్రుచ్చి చూడవలెను. మట్టి పొడిగానున్న నీరు పోయుడు. తడిగానున్న నీరు మాని, మొదలు పరీక్షించి, చుట్టునున్న నీరు పోవుటకు దారి చేయుడు.

చోటును నేలయు

ఉదయపుటెండ తగిలి, మధ్యాహ్నపుటెండ తగులని తూర్పు ప్రక్క మంచిది. పడమటి గాలికి గోడగాని చెట్లుగాని అడ్డముండవలెను. నూతిగట్టు ప్రక్క నాటు ఆచారము మంచిదే గాని, స్నానము చేసిన నీరు, అంట్లు తోమిన నీరు వచ్చి గుంటగా నిలుచుచోట నాటరాదు. సబ్బు కలిసిన నీరు తీగకు పనికిరాదు. చూరునుండి వాననీరు ధారగా పడుచోటును విడువవలెను. ఉప్పునీరు గల నూతి దగ్గరను ఈ తీగ బాగుపడదు.

మన లంకల ఇసుక కలసిన ఒండ్రునేల దీనికి అనుకూలము. వరిచేల జిగురు నేలయైనచో త్రవ్వి, ఇసుకను, బాగుగా చివికిన పశువుల పెంటను కలిపి గుల్ల చేయవలెను. చుట్టునున్న నేలకంటె అడుగు ఎత్తుగా మట్టి పోసి తిన్నె కట్టి, ఆ తిన్నెపైననే నాటవలెను. తిన్నె చుట్టును చిన్న కాలువ తీసి పల్లమునకు కలుపుడు. జోరువాన వెలిసిన తరువాత పోయి చూచినప్పుడు తీగ మొదట నీరు కనబడరాదు. కనబడినచో ఆ పెరటికి మురుగుదారి చాలదని యెరుంగుడు. గుంట త్రవ్వి నాటుట మన ప్రాంతమునకు తగదు. ఆ గుంటయే వర్షాకాలమున నీటితొట్టియగును.

తీగముక్కలను నాటుట

రోగము లేని, ఏపుగానున్న తీగ పైభాగమునుండి ముక్కలు తీయవలెను. ముక్కకు మూడు మొదలు ఐదు కణుపులుండవలెను. వాడియైన శుభ్రమగు కత్తితో కోయుడు. ఒక తోటలో తీగలు చచ్చుచున్నవని తెలిసినచో, ఉచితముగా నిచ్చినను అక్కడి ముక్కను గాని, మట్టిని గాని తేరాదు. బంధువుల యింటినుండి ప్రేమతో తెచ్చిన తీగతోపాటు తెగులును తెచ్చుకొన్నవారు కలరు.

వడగాలి తగ్గియు, ముసురు పట్టకయు నున్న దినములలో సాయంకాలమున నాటుట మంచిది. క్రింది రెండు మూడు కణుపులు మట్టిలో నుండునట్లు పడుకోబెట్టినట్లుగా పాతి, చుట్టును మట్టిని చేతితో అదుముడు. పైకి ఒకటి రెండు ఆకులుంచిన చాలును. కొబ్బరిమట్టతో నీడ కట్టవలెను. చెమ్మ ఆరకుండ రోజును నీరు చిలుకరించుచుండిన మూడు నాలుగు వారములలో వేళ్లు దిగి క్రొత్త చిగురు తొడుగును. చిగురు కనబడక పూర్వము ముక్కను కదిపి చూడరాదు.

ప్రాకుటకు ఆధారము

ఆకుతోటలలో అవిసెను ఆధారముగా వేయుట మన రైతులు చిరకాలముగా నెరిగినదే. అవిసె త్వరగా పెరుగును, పలుచని నీడనిచ్చును, దాని వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును, ఆకు కూరకును పశువుల మేతకును వచ్చును. తీగ నాటుటకు రెండు నెలల ముందుగా గింజలు విత్తిన, నాటునాటికి ప్రాకుటకు తగిన మొక్కలగును.

పెరటిలో ఒకటి రెండు తీగలకు మునగచెట్టు చాలును. కొబ్బరిమాను, పోకమాను కూడ పనికివచ్చును. చెట్టు లేనిచోట ఆరడుగుల కర్రకు కొబ్బరిపీచును దట్టముగా చుట్టి పాతవలెను. పీచు చెమ్మను పట్టియుంచును గాన కణుపువేళ్లు దానిని గట్టిగా పట్టుకొనును. తీగ అడుగు పెరిగినప్పుడెల్లను అరటినారతో గాని జమ్ముతో గాని వదులుగా కట్టుచుండవలెను. కణుపు ఆధారమునకు తగులునట్లు కట్టినగాని ఆకు పెద్దది కాదు. గాలిలో వ్రేలాడు తీగ సన్నని ఆకులను వేయును.

వర్షాకాలమునకు ముందుగా ఆధారపు చెట్టు కొమ్మలను పలుచన చేయుడు. మబ్బు దినములలో చిక్కని నీడ యున్నచో తడి ఆరక ఆకులపై మచ్చతెగుళ్లు పుట్టును. వేసవి ముందు మాత్రము కొమ్మలు నరుకరాదు.

ఋతువుననుసరించి నీరు

మన డెల్టాలో ఏటేట వేసవిని కాలువలు కట్టివేయుదురు. అదే సమయమున వడగాలులు వీచును. ఆ దినములలో తీగకు నూతినీరే దిక్కు. ఒకేమారు బిందెలు గ్రుమ్మరింపక, ఉదయము కొంత, సాయంకాలము కొంత పోయవలెను. ఎండిన అరటియాకులు గాని, కొబ్బరిపీచు గాని మొదటి చుట్టును పరచిన చెమ్మ నిలుచును. ఆ కప్పు కాండమునకు తగులక బెత్తెడు దూరమున నుండవలెను. ఆకులపైనను ఆధారముపైనను ఉదయమున నీరు చిలుకరించుట వడదెబ్బను తగ్గించును.

వానలు మొదలగునప్పటికి ఆ కప్పును తీసివేసి, మురుగుకాలువలలోని పూడిక తీయుడు. ముసురు దినములలో తీగకు ఒక చెంబు నీరైనను అక్కరలేదు. తుపాను వెలిసిన వెంటనే చేయవలసిన మొదటి పని పెరటిలో నిలిచిన నీటిని వెడలగొట్టుట. పడిపోయిన తీగలను కట్టుట రెండవది. చలికాలమున తీగ మెల్లగా పెరుగును. అప్పుడు నీరు తగ్గించి, ఉదయపు వేళనే పోయవలెను. సాయంకాలమున తడిసిన ఆకు రాత్రియంతయు తడిగానుండి మచ్చలకు తావిచ్చును.

ఎరువు

ఎరువు కొంచెము కొంచెముగా పలుమారులు వేయుట మేలు. ఏడాదికి పైగా చివికిన పశువులపెంట ముఖ్యము. వేపపిండి గాని, ఆముదపుపిండి గాని రెండు నెలలకొకసారి గుప్పెడు చొప్పున మొదటికి జానెడు దూరమున చల్లి మట్టి కప్పుడు. పచ్చిపెంట వేయరాదు, అది కుళ్లునప్పుడు పుట్టు వేడి వేళ్లను చెరచును. ఆకు నల్లగా నిగనిగలాడవలెనని యూరియా విరివిగా వేయువారు కలరు. అట్టి ఆకు మెత్తనై నిలువకు ఆగదు. తీగయు తెగుళ్లకు సులభముగా లొంగును.

కుండీలో పెంచుట

పట్టణములలో మేడలపై నివసించు మన పిల్లలకును ఈ తీగ దూరము కానక్కరలేదు. అడుగు వెడల్పునకు తగ్గని కుండీ తీసికొని, అడుగున రంధ్రములున్నవో లేవో ముందు చూచుకొనవలెను. మట్టి కారిపోకుండ రంధ్రములపై పెంకుముక్కలను వదులుగా అమర్చుడు. ఒండ్రుమట్టి, ఇసుక, చివికిన పెంట సమపాళ్లుగా కలిపి నింపి, నడుమ పీచు చుట్టిన కర్ర నిలువవలెను. కుండీ క్రింద పళ్లెమున్నచో అందులోకి దిగిన నీటిని వెంటనే పారబోయవలెను. పళ్లెములో నీరు నిలిపినచో కుండీయును వరిచేనగును. తూర్పు వసారా గాని, వెలుతురు చక్కగా వచ్చు కిటికీ ప్రక్క గాని దీనికి తగినచోటు. చీకటిగదిలో తీగ సాగునే కాని ఆకు వేయదు. ఏడాదికొకసారి మట్టిని మార్చుట మంచిది.

ఊరినుండి ముక్కలు తీసికొనిపోవువారు వానిని తడిగుడ్డలో చుట్టి, పైన అరటియాకు కట్టినచో ఒకటి రెండు దినముల ప్రయాణమునకు చెడవు. నారు లభింపనివారు ధవళేశ్వరము దాటి కడియము, కడియపులంక నర్సరీలలో విచారింపవచ్చును. కొనునప్పుడు ఆకు అందమును మాత్రమే చూడక, మొదటి కణుపు ఆకుపచ్చగా గట్టిగానున్నదో లేదో చూచి కొనుడు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఇండ్లలో సీసాలయందు పెంచు మనీప్లాంటు ఆకు చూపునకు తమలపాకును పోలియుండును. ఆ రెంటికి చుట్టరికము లేదు. మనీప్లాంటు చేమదుంప కుటుంబమునకు చెందినది. పసిఫిక్ మహాసముద్రమందలి మూరియా ద్వీపము దాని జన్మస్థానము. దాని ఆకులో సూదులవంటి స్ఫటికములుండి, నమిలినచో నోరు, నాలుక మండి వాచును. పసిపిల్లలును పశువులును దానిని నోట పెట్టకుండ చూడవలెను. ఆకును నలిపి వాసన చూచిన భేదము తెలియును. తమలపాకు ఘాటుగా పరిమళించును. మనీప్లాంటునకు ఆ పరిమళము లేదు. మరియు మనీప్లాంటు సీసా నీటిలో ఏండ్లకొలది బ్రతుకును. దానిని చూచి తమలపు తీగకును నిలువనీరు హితమని భ్రమపడరాదు.

ఆకు కోయుట, తీగ దింపుట

తీగ నాలుగైదడుగులు ప్రాకు వరకు కోయక ఓర్చుకొనుడు. దీనికి మూడు నెలలనుండి ఆరు నెలలవరకు పట్టును. పిదప క్రిందినుండి ముదిరిన ఆకులను తొడిమతో సహా గోటితో గిల్లి తీయవలెను. లాగినచో కణుపు చీలి తెగులునకు ద్వారమగును. పై భాగమున కొన్ని ఆకులను ఎల్లప్పుడును విడిచిపెట్టవలెను. తీగకు ఆహారము వండునవి అవియే.

ఏడాది గడచునప్పటికి తీగ ఆధారపు తలను అందుకొనును. మొదలు బోడియై, ఆకులు చిన్నవగును. అప్పుడు తీగను దింపవలెను. కట్లు విప్పి, మెల్లగా క్రిందికి దించి, ఆకులు లేని భాగమును చుట్టగా చుట్టి తిన్నెలో పాతి, కొనను మరల ఆధారమునకు కట్టుట దింపుటయనబడును. పాతిన కణుపులు క్రొత్తవేళ్లు వేయుటచేత తీగ మరల పడుచుదనమును పొందును. మొదలు కుళ్లిన జాడ ఏమాత్రమున్నను ఆ భాగమును పాతక, కోసి కాల్చివేయుడు. ఎడతెగని వానలలో ఈ పని పెట్టుకొనరాదు.

బోర్డో మిశ్రమము

తెగులు రాకుండ కాపాడుటకు మందు కలదు. 1882 ప్రాంతమున ఫ్రాన్సు దేశమందలి బోర్డో సీమలో, బాటసారులు ద్రాక్షపండ్లను దొంగిలింపకుండ రైతులు బాటప్రక్క తీగలపై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లిరి. ఆ తీగలకు మాత్రము తెగులు సోకకుండుటను మిలార్డే అను పండితుడు గమనించి, పరీక్షించి, 1885లో లోకమునకు వెల్లడించెను. అదియే బోర్డో మిశ్రమము.

పెరటి వాడుకకు పది లీటరుల మందు చేయు విధమిది. నూరు గ్రాముల మైలుతుత్తమును ఐదు లీటరుల నీటిలో కరగింపుడు. వేరొక పాత్రలో నూరు గ్రాముల మంచి సున్నమును తడిపి, ఐదు లీటరుల నీటితో పాలవలె చేసి వడియగట్టుడు. పిదప తుత్తపు నీటిని సున్నపు పాలలోనికి సన్నని ధారగా పోయుచు కర్రతో కలుపుడు. ఇనుపపాత్రలు పనికిరావు, మట్టి, ప్లాస్టిక్ పాత్రలే వాడుడు. శుభ్రమైన ఇనుపకత్తిని మందులో కొంతసేపు ముంచి తీయుడు. కత్తిపై రాగిపూత కనబడినచో సున్నము చాలలేదని గ్రహించి మరికొంత కలుపవలెను. ఏనాటి మందు ఆనాడే వాడవలెను.

వర్షములకు పూర్వమొకసారియు, వర్షములలో తెరపి చూచి నెలకొకసారియు ఈ మందును తీగ మొదటి చుట్టును నేల తడియునట్లు పోయవలెను. తమలపాకు కడిగి వెంటనే నోట వేసికొనునది గాన ఆకులపై మందులు చల్లుట మంచిదికాదు. పిండినల్లి వంటి పురుగులు పట్టినచో చేతితో తుడిచి, నీటితో కడిగి, మిక్కిలి పట్టిన ఆకులను గిల్లివేయుడు. తీగలోనికి ప్రాకు విషపు మందులను ఇంటి తీగకు తాకింపకుడు. ఒక మాట మరువరాదు. బోర్డో మిశ్రమము కావలివాడే గాని వైద్యుడు కాడు. నీరు నిలిచిన నేలలో ఎన్ని మారులు పోసినను అది తీగను కాపాడజాలదు.

సంఘము చేయదగిన పని

పెరటి తీగ పోయిన పది ఆకులు కొనుక్కొందుము. అర యెకరము ఆకుతోట వేసినవాని సంగతి వేరు. అవిసె విత్తినది మొదలు కూలి, నారు, ఎరువు, కట్టుబడి అన్నిటికి ముందే ఖర్చుపెట్టును. పెక్కుమంది కౌలునేలలో అప్పు తెచ్చి వేయుదురు. ఒక ముసురు వారములో తోట నేలకూలిన అప్పు మాత్రము నిలిచియుండును. కనుక తోట వేయదలచినవారు మొదట పెరటిలో నాలుగు తీగలను రెండు వర్షాకాలములు నిలిపి చూచి, పిదప పొలమునకు పోవుట వివేకము.

ఈ తెగులు విషయమున ఒక్కరి జాగ్రత్త చాలదు. మన తిన్నె యెంత యెత్తైనను, పై చేని మురుగు మన తోటలో దిగినప్పుడు శత్రువు ఈదుచు వచ్చును. మన మురుగు క్రింది తోటలో దిగినప్పుడు మనమే శత్రువును పంపినవారమగుదుము. చచ్చిన తీగలను బోదెలో పారవేయువాడు తన యిరుగుపొరుగుల తోటలకు చేటు తెచ్చుచున్నాడు. వానిని కాల్చవలెను. ఆషాఢము రాకముందే ఆకుతోటల మురుగుకాలువలను అందరును కలసి బాగుచేసికొనవలెను. రోగము లేని తల్లితీగలను ఒకచోట పెంచి సభ్యులకు ముక్కలు పంచుట, మైలుతుత్తమును కలసి కొని కొలత ప్రకారము మందు తయారుచేసికొనుట, తెగులు కనబడిన వెంటనే పొరుగువారికి దాచక తెలుపుట అను మూడు పనులును సహకారమునకు తగినవి. ఖర్చు స్వల్పము, ఫలము అందరిది.

తుదకు తాంబూలమును గూర్చి ఒక మాట. వక్కనమలుటవలన నోటి క్యాన్సరు కలుగునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించినది. పొగాకు చేరినచో అపాయము మరింత హెచ్చును. ఆకును పెంచుట కాని, పూజకు, శుభకార్యమునకు ఇచ్చిపుచ్చుకొనుట కాని విడువనక్కరలేదు. దినమంతయు వక్కపొగాకులు దవడను పెట్టుకొను అలవాటును మాత్రము విడుచుట క్షేమము.

ఈ వర్షాకాలమున జోరువాన వెలిసిన మరునాడు సభ్యులు తమ పెరటికి పోయి తీగ మొదలు చూతురుగాక. ఆకు వ్రేలాడినచో, చెంబెత్తుటకు ముందు మట్టిలో వ్రేలు పెట్టి చూడుడు. మా మూడు తీగలు పోయి మాకు నేర్పిన పాఠము మీ తీగలు బ్రతికియుండగనే మీకు ఉపయోగపడవలెనని మా కోరిక.